పసుపు నేలకు కొత్త పద్దు

ఎండిన పసుపు కాడిని రెండు చేతుల్లో పట్టుకుని విరిచి చూడండి. సరిగ్గా ఉడికి, సరిగ్గా ఎండిందైతే టక్కున విరుగుతుంది, ఇత్తడి మీద గోటితో కొట్టినట్టు సన్నగా మోగుతుంది. విరిగినచోట ముదురు నారింజ రంగు నిగనిగలాడుతుంది. తేమ మిగిలి ఉంటే వంగుతుందే తప్ప విరగదు. ఉడుకు తక్కువైతే లోపల రంగు ఒకేలా ఉండదు. నిజామాబాద్‌ మార్కెట్‌ యార్డు శ్రద్ధానంద్‌ గంజ్‌లో కుప్పల మధ్య తిరిగే ఖరీదుదారు చేసే మొదటి పని ఇదే. బాల్కొండ, మెండోర, ముప్కాల్‌, మోర్తాడ్‌, కమ్మర్‌పల్లి, వేల్పూర్‌ రైతు జూన్‌లో దుంప పెట్టి, ఎనిమిది తొమ్మిది నెలలు తడులు కట్టి, తవ్వి, ఉడికించి, ఆరబెట్టి, పాలిష్‌ పట్టి తెచ్చిన పంటకు ఆ ఒక్క విరుపుతో సగం ధర తేలిపోతుంది.

ఆ విరుపు చెప్పని సంగతులు చాలా ఉన్నాయి. ఆ కాడి పెరిగిన నేలలో వచ్చే పదేళ్లలో మళ్లీ పసుపు పండుతుందా? దాన్ని ఉడికించడానికి ఎంత కట్టె కాలింది? ఎన్ని మందులు పడ్డాయి? ఇన్నాళ్లూ గంజ్‌లో వీటికి ధర లేదు కాబట్టి రైతు పద్దులోనూ చోటు దొరకలేదు. నేల గురించి ఆలోచించడమంటే లాభం వదులుకోవడమేనన్న మాట ఊళ్లలో గట్టిగా నాటుకుపోయింది. ఆ మాటతో నేను ఏకీభవించను. బాల్కొండ ప్రాంతంలో నేలకు మేలు చేసే పనుల్లో ముఖ్యమైనవన్నీ మొదటి ఏడాదే ఖర్చు తగ్గించేవి. ధర పెరగడం ఆ తర్వాతి సంగతి. ఆ పెరుగుదల రైతు ఇంటికి చేరాలంటే అదనంగా మరో పని జరగాలి.

ముందు నేల సంగతి. పోచంపాడు దగ్గర గోదావరి మీద శ్రీరాంసాగర్‌ ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. అప్పటి లెక్క ప్రకారం జలాశయంలో 112 టీఎంసీలు పట్టాలి. పూడిక పేరుకుపోయి 1990ల సర్వేలో అది 90కి పడిపోయింది, తర్వాతి సర్వేలో 80 దగ్గరికి వచ్చింది. బోధన్‌ వైపు మంజీర మీది నిజాంసాగర్‌దీ ఇదే కథ. 1931లో పూర్తయినప్పుడు దాదాపు 30 టీఎంసీలు పట్టిన జలాశయం ఇప్పుడు 18 కూడా పట్టదు. ఈ పూడిక ఎక్కడిది? ఎగువన లక్షల ఎకరాల్లో వానకు కొట్టుకొచ్చిన పైమట్టి. పంటకు బలమిచ్చే మట్టి వచ్చి పంటకు నీళ్లిచ్చే చోటును ఆక్రమించింది. 2015లో చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్‌ కాకతీయ మొదలయ్యాక ఊరి చెరువుల పూడిక మట్టిని రైతులు ట్రాక్టర్లతో చేలకు తోలుకున్నారు. తోలుకున్నవాళ్లకు దాని విలువ తెలుసు. ఆ తర్వాత ఒకటి రెండు పంటలకు ఎరువు బస్తాలు తగ్గాయని చెప్పని ఊరు ఉండదు.

నీళ్లు వచ్చాక వరి వచ్చింది. వరి వెనకాలే హార్వెస్టర్‌ వచ్చింది. హార్వెస్టర్‌ వదిలిన గడ్డికి ఏప్రిల్‌, మే నెలల్లో అగ్గి పెట్టడం అలవాటైంది. ఇక్కడ ఒక్కసారి క్యాలెండర్‌ చూడాలి. యాసంగి వరిగడ్డి కాలేది ఏప్రిల్‌, మేలో. పసుపు దుంప పెట్టేది జూన్‌లో. పసుపు బోదెల మీద గడ్డి, ఆకులు పరిస్తే తేమ నిలుస్తుందని, కలుపు తగ్గుతుందని ఉద్యాన శాస్త్రవేత్తలు ఏళ్లుగా చెబుతున్నారు. పక్క పొలంలో ఉచితంగా కాలిపోతున్నదే మన పసుపుకు కప్పు. గడ్డి కట్టలు కట్టే యంత్రాలు ఇప్పుడు మండలానికి కొన్నయినా తిరుగుతున్నాయి. కలుపు తీసే కూలీలు దొరకడమే గగనమైన రోజుల్లో ఒక్క కలుపు తగ్గినా అది నేరుగా చేతికొచ్చే డబ్బే.

దుంప కాడ మొదలయ్యే ఆదా

పసుపు సాగులో రైతును నిద్రపోనివ్వని జబ్బు దుంపకుళ్లు. ఆగస్టు, సెప్టెంబరు వానలకు నీళ్లు నిలిచాయంటే ఆకు అంచులు పసుపెక్కి ఎండుతాయి, మొక్కను పట్టి లాగితే చేతిలోకి వచ్చేస్తుంది. మందు డబ్బాలు ఎన్ని తెచ్చి పోసినా నీళ్లు నిలిచే మడిలో దాన్ని ఆపడం కష్టం. ఎత్తు బెడ్లు చేసి డ్రిప్‌ పెట్టుకున్న చేలల్లో ఈ బెడద తగ్గడానికి కారణం తేలికగానే అర్థమవుతుంది. వేరు దగ్గర నీరు నిలవదు, అవసరమైనంతే అందుతుంది. దీనికి తోడు ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంద్రం. రెండు కిలోల పొడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువు, పది కిలోల వేపపిండితో కలిపి, తడిపి, నీడలో కప్పి ఉంచితే ఆ శిలీంద్రం ఎరువంతా పాకుతుంది. అది నేలలో ఉంటే కుళ్లు తెచ్చే శిలీంద్రాలకు చోటు తగ్గుతుంది. ఇది కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన కేంద్రానికి వెళ్లే ఏ రైతుకైనా తెలిసిన పద్ధతే. వచ్చిన చిక్కల్లా ఎరువు దగ్గరే. ట్రాక్టర్లు వచ్చి ఇంటి ముందు ఎడ్లు పోయాక పెంటకుప్పలూ పోయాయి. ఈ రోజుల్లో పశువుల ఎరువు ట్రాక్టర్‌ లోడు కొనుక్కోవాల్సిందే. అందుకే పసుపుకు ముందు జనుమో జీలుగో చల్లి, పూతకు రాకముందే కలియదున్నడం బాల్కొండ రైతుకు మళ్లీ అవసరమైంది.

ఇంకా పెద్ద ఆదా విత్తనంలో ఉంది. మామూలు పద్ధతిలో ఎకరాకు పది క్వింటాళ్ల దాకా దుంప పెడతారు. ఒక్కో కణుపును ముక్క చేసి, చిన్న గుంటలుండే ప్రోట్రేలలో నారు పెంచి, నెలా నెలన్నరకు నాటితే రెండు మూడు క్వింటాళ్లు సరిపోతుంది. ఏడు క్వింటాళ్ల దుంప మిగిలిందంటే అంత ఖర్చు తగ్గినట్టే. పైగా కుళ్లిన ముక్క ట్రేలోనే బయటపడుతుంది, పొలం దాకా రాదు. నారు పెంచే పనికి చేయి తిరగాలి, షేడ్‌నెట్‌ కావాలి. రెండెకరాల రైతు ఒక్కడూ దీన్ని పెట్టుకోలేడు. పది మంది కలిస్తే, లేదా ఊరి మహిళా సంఘం దీన్ని వ్యాపారంగా చేపడితే, పని అవుతుంది.

పసుపులో మొక్కజొన్న వేయడం ఇక్కడి పెద్దల తెలివి. మొక్కజొన్న మూడున్నర నెలల్లో చేతికొచ్చి పసుపు పెట్టుబడిలో కొంత తిరిగిస్తుంది, లేత పసుపుకు కొంత నీడా ఇస్తుంది. ఏ విశ్వవిద్యాలయమూ చెప్పకముందే ఈ నేల మీద లాభమూ జాగ్రత్తా కలిసి నడిచిన పద్ధతి ఇది. కొత్తగా వచ్చిన ప్రతి సలహానూ దీని పక్కన పెట్టి చూసుకోవాలి. రైతుకు మధ్యలో డబ్బు కనిపించని పద్ధతి ఎంత గొప్పదైనా ఊళ్లో నిలవదు.

కళ్లంలో కాలుతున్న లాభం

ఫిబ్రవరి, మార్చిలో ఏ ఊరికి వెళ్లినా కళ్లాల్లో పొగ. ఐదు క్వింటాళ్ల పచ్చి పసుపు ఉడికి ఎండితే క్వింటాలు తేలుతుంది. ఎకరాకు ఇరవై, పాతిక క్వింటాళ్ల ఎండు పసుపు తీయాలంటే నూరు క్వింటాళ్లకు పైగా పచ్చిది ఉడకాలి. పాత కడాయిల్లో నీళ్లు పోసి ఉడికిస్తే దానికి పట్టే కట్టె అంతా ఇంతా కాదు. అడుగునున్నది మెత్తబడిపోతుంది, పైనున్నది గట్టిగానే ఉంటుంది. ఆవిరి బాయిలర్‌లో డ్రమ్ముల నిండా ఒకే తీరున ఉడుకుతుంది, నీళ్లూ కట్టెలూ తగ్గుతాయి. నిజామాబాద్‌ జిల్లాలో బాయిలర్‌ అద్దెకు తెచ్చుకోవడం చాలా ఊళ్లలో మామూలైపోయింది. పర్యావరణం పేరెత్తకుండానే వచ్చిన మార్పు ఇది. రోజులు కలిసొస్తాయి, కూలి తగ్గుతుంది అన్న ఒక్క కారణం చాలింది.

ఆ తర్వాతి దశ అంత బాగా లేదు. ఉడికిన పసుపును రెండు వారాల దాకా నేల మీద ఆరబోస్తారు. మార్చిలో అకాల వాన పడితే రాత్రికి రాత్రి టార్పాలిన్ల కోసం పరుగులే. తడిస్తే రంగు పోతుంది, బూజు పడుతుంది. మట్టి మీద ఆరబోసిన సరుకు ఎగుమతికి పనికిరాదు. ఊరికో సిమెంటు కళ్లం, ఉమ్మడి సోలార్‌ డ్రయ్యర్‌ ఉంటే మిగిలే డబ్బు ఎంత మంచి విత్తనంతోనూ రాదు. సర్కారు ఖర్చు పెట్టాల్సిన చోటు ఏదని నన్నడిగితే, నేను ముందు చూపించేది ఈ కళ్లాన్నే.

కొనేవాడు ఒక్కడే అయితే

పొలంలో ఎంత చక్కగా చేసినా అమ్మే చోట దారి ఒక్కటే ఉంటే ఆ పని నిలవదని ఈ జిల్లాకు నేర్పినవి రెండు పంటలు. ఒకటి చెరకు. 1937లో బోధన్‌ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్‌ ఫ్యాక్టరీ మొదలైంది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు తెచ్చుకుంది. సొంత చెరకు తోటలు, కార్మికుల కాలనీలు, దాని చుట్టూ ఓ పట్టణమే పెరిగింది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది, 2015 డిసెంబరులో మూతపడింది. గేటుకు తాళం పడగానే ఆ చుట్టుపక్కల చెరకు వరిగా మారిపోయింది. చెరకు బాగా పండక ఈ మార్పు రాలేదు. నరికిన చెరకు గంటల్లో గానుగకు చేరాలి, చేర్చే గానుగ దూరమైపోయింది. ఫ్యాక్టరీని తిరిగి తెరిపిస్తామని 2024లో ప్రభుత్వం కమిటీ వేసింది. బోధన్‌ రైతు దానికోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు.

రెండోది ఎర్రజొన్న. ఆర్మూర్‌, బాల్కొండ చేలల్లో యాసంగిలో పండే ఈ జొన్న ఉత్తరాదిలో పశుగ్రాసం విత్తనంగా వెళ్తుంది. కొనేవాళ్లు కొద్దిమంది విత్తన వ్యాపారులు. 2008లో డబ్బులు అందక ఆర్మూర్‌లో రైతులు రోడ్డెక్కారు, పోలీసు కాల్పుల దాకా వెళ్లింది. ఆ బకాయిలు తీరడానికి తెలంగాణ రాష్ట్రం రావాల్సి వచ్చింది. 2018లో ప్రభుత్వమే క్వింటాలు 2,300 రూపాయలకు కొంది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో 44వ నంబరు జాతీయ రహదారి మీద మళ్లీ ధర్నా. ఎర్రజొన్నకు 3,500, పసుపుకు 15,000 కావాలని. అదే ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌ నుంచి 178 మంది రైతులు నిరసనగా నామినేషన్‌ వేసి నిలబడ్డారు. అప్పుడు గంజ్‌లో పసుపు ఐదారు వేల దగ్గర ఉంది. ఆ ధరకు ఎకరం పెట్టుబడి కూడా రాదు. ఐదేళ్లు తిరిగేసరికి 2024లో అదే గంజ్‌లో ధర 15,000 దాటింది. ఇంత ఊగే ధర మీద ఏ రైతూ పదేళ్ల ముందుచూపుతో నేలను చూసుకోలేడు. చూసుకోమని చెప్పే హక్కు మనకూ లేదు.

ఆర్మూర్‌ పక్కనే ఉన్న అంకాపూర్‌ ఇందుకు ఎదురు ఉదాహరణ. ఆ ఊరు ఒక్క పంటను నమ్ముకోలేదు. పచ్చి మొక్కజొన్న కంకులు, విత్తన జొన్న, సజ్జ, పసుపు, కూరగాయలు అన్నీ వేసింది. రోడ్డు పక్క కంకులు కాల్చి అమ్మే ఆడవాళ్ల దగ్గర్నుంచి విత్తన శుద్ధి యూనిట్ల దాకా, పంట పొలం దాటాక జరిగే పనిలో కొంత ఊళ్లోనే ఉంచుకుంది. నాటుకోడి కూర కూడా ఊరి పేరుతో హైదరాబాద్‌ దాకా వెళ్తోంది. ఒకటి పడిపోయినా ఇంకొకటి నిలబెడుతుంది. నేలకు పంట మార్పిడీ దానంతటదే దొరుకుతుంది. జక్రాన్‌పల్లి మండలం మనోహరాబాద్‌లో పసుపు రైతులు సహకార సంఘంగా ఏర్పడి శుద్ధి యూనిట్‌ పెట్టుకున్నదీ ఈ దారిలోనే.

ఇప్పుడు నిజామాబాద్‌కు జాతీయ పసుపు బోర్డు వచ్చింది. 2025 జనవరిలో మొదలైంది, జూన్‌లో ప్రధాన కార్యాలయం తెరుచుకుంది. 2023-24లో దేశం నుంచి 1.62 లక్షల టన్నుల పసుపు, పసుపు ఉత్పత్తులు ఎగుమతయ్యాయి, వాటి విలువ 22 కోట్ల 65 లక్షల డాలర్లు. 2030 నాటికి దాన్ని వంద కోట్ల డాలర్లకు చేర్చాలని లక్ష్యం. ఆరేడేళ్లలో బరువును నాలుగింతలు పెంచడం కుదరని పని. అంటే కిలో విలువే పెరగాలి. కిలో విలువ పెంచేవి పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్‌ శాతం, పురుగుమందుల అవశేషాలు లేకపోవడం, శుభ్రత. రైతు నేలకు చేసిన మేలు డబ్బుగా మారే చోటు ఇదే. గంజ్‌లో వేలానికి ముందే నమూనా తీసి, కుర్కుమిన్‌ ఎంత, మందుల జాడ ఎంత అని కాగితం మీద రాసి ఇచ్చే ప్రయోగశాల ఉండాలి. 2016లో జాతీయ ఆన్‌లైన్‌ వ్యవసాయ మార్కెట్‌ ఈ-నామ్‌ మొదలైనప్పుడే చేరిన మార్కెట్‌ నిజామాబాద్‌. ఆన్‌లైన్లో వేలం నడుస్తుంది కానీ మహారాష్ట్రలోని సాంగ్లీలో కూర్చున్న వ్యాపారికి తెర మీద ప్రధానంగా కనిపించేది కాడి, గోళ, చూర అన్న రకాలే. ఆ వరుసలో కుర్కుమిన్‌ అంకె కూడా చేరితే, మందు తగ్గించిన రైతుకూ తగ్గించని రైతుకూ ధరలో తేడా మొదటిసారి కనిపిస్తుంది.

పరీక్ష ఎంత పని చేయగలదో బంగ్లాదేశ్‌ చూపింది. రంగు కోసం పసుపులో సీసం కలిసిన రసాయనం పూయడం అక్కడ ఏళ్లుగా సాగింది. 2019లో మార్కెట్‌ నమూనాల్లో దాదాపు సగంలో అది దొరికింది. హోల్‌సేల్‌ మార్కెట్లకు చేతిలో పట్టే యంత్రాలతో అధికారులు వెళ్లి అక్కడికక్కడే పరీక్షించారు, కల్తీ చేసినవాళ్లకు జరిమానాలు వేశారు. 2021 నాటికి సీసం ఉన్న నమూనాలు సున్నాకు వచ్చాయి. రెండేళ్లలో జరిగిన మార్పు అది.

మనకు ఇంకో అవకాశం విత్తనంలోనే ఉంది. కోజికోడ్‌ సుగంధద్రవ్యాల పరిశోధన సంస్థ ఇచ్చిన ‘ప్రగతి’ రకం 180 రోజుల్లో కోతకొస్తుంది, కుర్కుమిన్‌ ఐదు శాతం దగ్గర ఉంటుంది. జూన్‌లో పెడితే డిసెంబరులో తవ్వేయొచ్చు. పాత ఆర్మూర్‌ రకం కంటే రెండు మూడు నెలల తడులు మిగులుతాయి, పసుపు మార్చి అకాల వానకు ముందే ఎండి బస్తాల్లోకి చేరుతుంది, ఖాళీ అయిన చేలో జనవరిలో నువ్వులో పెసరో వేసుకోవచ్చు. కావాల్సిందల్లా సరిపడా విత్తన దుంప, దాన్ని ఊళ్లోనే ప్రోట్రేలలో పెంచే సంఘాలు. బోర్డు తన మొదటి రెండేళ్ల డబ్బు ఈ పనికీ, గంజ్‌ ప్రయోగశాలకూ, ఉమ్మడి కళ్లాలకూ పెట్టాలి. భవనాలు ఆ తర్వాత కట్టుకోవచ్చు.