పేజ్‌మేకర్‌ను వదిలేద్దామా?

దాని సొంతదారు అడోబీయే 2004లో చేతులెత్తేసింది. మన డీటీపీ సెంటర్లు మాత్రం ఇంకా వదల్లేదు. ఇప్పుడైనా మారాలా? మారితే దేనికి?

పెళ్లిళ్ల సీజన్‌లో చాలా డీటీపీ సెంటర్లలో కనిపించేది ఇదే: పాత కంప్యూటర్, అందులో పేజ్‌మేకర్, పక్కన కోరల్‌డ్రా, తెలుగుకి అను ఫాంట్లు. ఆపరేటర్ కీబోర్డు వైపు చూడకుండానే ‘శ్రీరస్తు శుభమస్తు’ కొట్టేస్తాడు. పాత కార్డు తెరిచి, పేర్లూ ముహూర్తమూ మార్చి, అక్కడికక్కడే ప్రూఫ్ చేతిలో పెడతాడు. ఇంత సాఫీగా సాగుతున్న పనిని ఎందుకు కదిలించాలని అతను అడిగితే తప్పేమీ లేదు.

ఆగిపోయి ఇరవయ్యేళ్లు

పేజ్‌మేకర్‌ను ఆల్డస్ కంపెనీ 1985లో తెచ్చింది. 1994లో ఆల్డస్‌ను అడోబీ కొనేసింది. 1999లో అడోబీయే ఇన్‌డిజైన్‌ను దించింది. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7.0తో ఆ వరుస ముగిసింది.

అయినా నడుస్తోంది కదా అంటే, ట్రేసింగ్ తీసి ప్రెస్సుకి పంపేంత వరకు నడుస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. పాత అను ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు గుణింతాల ముక్కలు కూర్చుంటాయి. ఆ మ్యాటర్ కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి తప్ప ఏమీ మిగలదు. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలియదు. రచయిత ఈ-బుక్ అడిగిన రోజున కన్వర్టర్‌తో మార్చి దిద్దుకోవాలి, లేదా మళ్లీ కొట్టాలి.

ముగ్గురు పోటీదారులు

ఇన్‌డిజైన్ యూనికోడ్ తెలుగును బాగానే పేరుస్తుంది. పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్‌రెడీ కంపోజర్ ఎంచుకోవాలి, లేకుంటే ఒత్తులు చెల్లాచెదురవుతాయి. కానీ 2012 నాటి సీఎస్6 తర్వాత అడోబీ అద్దె పద్ధతికి మారింది. కట్టడం ఆపితే సాఫ్ట్‌వేరూ ఆగుతుంది. చిన్న సెంటరుకి అది ఏటేటా భారమే.

అఫినిటీని 2024లో కాన్వా కొన్నది, 2025లో ఉచితం చేసింది. స్క్రైబస్ మొదటి నుంచీ ఉచితమే. ఉచితమనగానే దూకకండి. లక్ష్మి, స్త్రీ, జ్యోత్స్న, దారిద్ర్యం కొట్టి, పీడీఎఫ్ తీసి, ఒత్తులు సరిగా పడ్డాయో లేదో చూడండి. పత్రిక కాలమంత సన్నటి వరుసలో ఒక పేరా పోసి, పదాలు ఎక్కడ విరుగుతున్నాయో గమనించండి. ఈ పరీక్షలో తప్పితే మిగతా హంగులతో మనకి పని లేదు.

అసలు ఖర్చు ప్రూఫులో

అనును యూనికోడ్‌గా మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఒత్తుల దగ్గర, మధ్యలో వచ్చే ఇంగ్లిష్ మాటల దగ్గర అవి తడబడతాయి. అంటే మూడొందల పేజీల పుస్తకాన్ని మళ్లీ అక్షరం అక్షరం దిద్దాలి. సాఫ్ట్‌వేర్ ధర కంటే బరువైనది ఈ కూలి.

కాబట్టి బీరువాలోని ఫైళ్లన్నీ మార్చే పని పెట్టుకోవద్దు. పునర్ముద్రణకు వచ్చే పుస్తకాలను మాత్రం మార్చుకోండి. పాత కార్డుల కోసం పాత కంప్యూటర్‌ను ఇంటర్నెట్ తీసేసి ఉంచండి. కొత్తగా వచ్చే మ్యాటర్ యూనికోడ్‌లోనే కొట్టండి. చేతికి అలవాటైన లేఅవుట్‌తో యూనికోడ్ కీబోర్డు దొరుకుతుందేమో ముందు చూసుకోండి, దొరికితే వేగం పడిపోదు.

పుస్తకాలు వేసేవాళ్లు ఇంకా ఆలస్యం చేయకూడదు. కార్డులూ ఫ్లెక్సీలతోనే గడిచేవాళ్లకి తొందరేమీ లేదు. ఎవరైనా సరే, కొత్తగా పనిలో చేరిన కుర్రాడికి మాత్రం యూనికోడే నేర్పాలి. మ్యాటర్ యూనికోడ్‌లో ఉంటే రేపు ఇంకో సాఫ్ట్‌వేర్ వచ్చినా పేజీలు మళ్లీ పేర్చుకుంటే చాలు, మ్యాటర్ మళ్లీ కొట్టనక్కర్లేదు.