బ్యాడ్జ్ కాదు, చేసిన పని చూస్తారు



"మేడమ్, మా బాబు క్లాస్ లీడర్ కదా, ఫారిన్ యూనివర్సిటీల్లో లీడర్‌షిప్ స్కాలర్‌షిప్ వస్తుందా?" పేరెంట్స్ మీటింగ్‌లో నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఒక నిజమైన స్కాలర్‌షిప్‌ను ఉదాహరణగా తీసుకుని జవాబు చెప్తాను.

కెనడాలోని యూనివర్సిటీ ఆఫ్ టొరంటో, డిగ్రీలో చేరే విదేశీ విద్యార్థులకు లెస్టర్ బి. పియర్సన్ స్కాలర్‌షిప్ ఇస్తోంది. పియర్సన్ ఆ యూనివర్సిటీలోనే చదువుకుని, 1957లో నోబెల్ శాంతి బహుమతి అందుకుని, 1963 నుంచి 1968 వరకు కెనడా ప్రధానిగా ఉన్నారు. ఎంపికైనవారికి నాలుగేళ్ల ట్యూషన్ ఫీజు, పుస్తకాలు, ఇతర యూనివర్సిటీ ఫీజులు, హాస్టల్ వసతి అన్నీ అందులోనే వస్తాయి. అయితే ప్రపంచం మొత్తం మీద ఏటా దాదాపు 37 మందికే ఇస్తారు.

దీనికి మూడు మెట్లు ఉన్నాయి. మొదట, 12వ తరగతి చదువుతున్న స్కూలు గానీ కాలేజీ గానీ విద్యార్థిని నామినేట్ చేయాలి. ఒక్కో సంస్థ ఏడాదికి ఒక్కరినే పంపగలదు. తర్వాత యూనివర్సిటీ అడ్మిషన్‌కు అప్లై చేయాలి. ఆ తర్వాత స్కాలర్‌షిప్ అప్లికేషన్ నింపాలి. ఇదంతా సాధారణంగా అక్టోబర్, నవంబర్ నెలల్లో జరుగుతుంది. ఆ ఏడాది తేదీలు యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి.

మన పిల్లలకు చిక్కు మొదటి మెట్టు దగ్గరే వస్తుంది. టెన్త్ అవగానే చాలామంది జూనియర్ కాలేజీకి మారతారు. పదేళ్లు చూసిన టీచర్లు ఇక్కడే ఉండిపోతారు. నామినేట్ చేయాల్సిన లెక్చరర్‌కు మీ పాప హాల్ టికెట్ నంబర్‌గానే తెలిసి ఉండొచ్చు. అందుకే ఫస్టియర్‌లోనే ఒకరిద్దరు లెక్చరర్లతో బాగా పరిచయం పెంచుకోమని చెప్పండి.

ఇక లీడర్‌షిప్ అంటే ఏమిటి? మార్కులతో పాటు, తన స్కూలుకూ చుట్టుపక్కల వాళ్లకూ విద్యార్థి ఏం చేశాడన్నది చూస్తారు. నా క్లాసులో ఒక అబ్బాయి ఉండేవాడు. స్కూల్ బస్సులో యూకేజీ పాప నిద్రపోయి స్టాప్ దాటిపోయిందని తెలిసి, ఏ స్టాప్‌లో ఏ చిన్నపిల్లలు దిగాలో లిస్టు రాసి డ్రైవర్ అంకుల్‌కు ఇచ్చాడు. ఒక్కో చిన్నారి పక్కన ఒక్కో పెద్ద విద్యార్థి కూర్చునేలా ఒప్పించాడు. అతనికి ఏ బ్యాడ్జీ లేదు. అయినా నా దృష్టిలో లీడర్ అతనే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక అమ్మాయి ఒక పోటీ కోసం వ్యాసం రాసి తెచ్చింది. ఇంగ్లిష్ బాగుండాలని వాక్యం వాక్యం మార్చేశాను. అది చదివి, "బాగుంది మిస్, కానీ ఇది నేను రాసినట్టు లేదు" అంది. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది. ఇప్పుడు స్పెల్లింగ్ మాత్రమే దిద్దుతాను. మీరూ రాసిపెట్టకండి, డబ్బిచ్చి రాయించకండి. అప్లికేషన్‌లో కనిపించాల్సింది మీ పిల్లల సొంత గొంతు.

9వ తరగతి నుంచే ఒక నోట్‌బుక్ పెట్టించండి. నెలకోసారి నాలుగు విషయాలు రాస్తే చాలు: ఏ ఇబ్బంది గమనించాను, ఏం చేశాను, ఏం మారింది, అది ఎవరికి తెలుసు. ఫలించని ప్రయత్నాలనూ రాయనివ్వండి. మూడేళ్ల తర్వాత అప్లికేషన్ నింపేటప్పుడు గుర్తు తెచ్చుకునే పని ఉండదు.

37 మందిలో ఒకరు కావడం కష్టమే. కాబట్టి జేఈఈ, నీట్ లాంటి దారులు మూసుకోవద్దు. స్కాలర్‌షిప్ రాకపోయినా, పక్కవాళ్ల ఇబ్బందిని గమనించే అలవాటు పిల్లలకు ఉండిపోతుంది. ఈ రాత్రి భోజనాల దగ్గర మార్కులు అడిగాక ఇంకో ప్రశ్న కూడా అడగండి: "ఈ రోజు ఎవరికైనా ఉపయోగపడ్డావా, నాన్నా?"