ఎలుకల వేటకు కావలసిన సామగ్రి

జింకల వేట 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధమైనది. ఓడలరేవు పరిసరముల రైతునకు మిగిలినది ఎలుకల వేటయే. దానికి తుపాకి యక్కరలేదు.

మొదట వలయునవి పారయు, తడిమన్నును. సాయంకాలమున గట్లమీది కన్నములనెల్ల మూసి, మరునాటి యుదయమున తెరువబడియున్న వానిలోనే మందు పెట్టవలయును. ఈ పరీక్ష చేయనివాడు డబ్బును ఖాళీ కన్నముల పాలుచేయును.

నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, 0.25 శాతము బ్రోమోడయోలోన్ పొడి 2 పాళ్లు కలిపి, 15 గ్రాముల చొప్పున కాగితపు పొట్లములు కట్టి కన్నములోనికి జొనుపవలయును. చేతులకు తొడుగు లుండవలయును. పిల్లలకు, పశువులకు అందనీయరాదు. మందు ఒల్లనివారు వెదురుబుట్టలు పెట్టించవచ్చును.

కొబ్బరితోటలో నేలపై మందు పెట్టుట వ్యర్థము. ఎలుక మొవ్వులోనే కాపురముండును గావున దింపుతీయువానిచే అచ్చటనే పెట్టింపవలయును. మ్రానుకు ఆరడుగుల యెత్తున రేకు చుట్టుట మంచిదే కాని, ప్రక్కచెట్ల మట్టలు తగులుచున్నచో నిష్ప్రయోజనము.

చేనిచుట్టు విద్యుత్తు తీగె లెన్నడును పరువరాదు. రాత్రివేళ నీరుపెట్టబోవు మనుష్యుడే దానికి బలియగును.

పొరుగు గట్టునుండి ఎలుకలు మరల వచ్చును గనుక, పైరు పొట్టకు రాకమునుపే ఆయకట్టు రైతులందరు ఒకే దినమున ఈ పనికి పూనుకొనవలయును.