మేరీ బిస్కెట్: సాదాతనం వెనుక సైన్సు

సూపర్‌మార్కెట్లో బిస్కెట్ల వరస దగ్గర నిలబడితే కళ్లు ముందు క్రీము, చాక్లెట్, జీడిపప్పు బొమ్మలున్న ప్యాకెట్ల మీదికే వెళ్తాయి. మేరీ ఏ కింది అరలోనో ఉంటుంది. జ్వరమొచ్చినప్పుడో, ఇంట్లో పెద్దవాళ్ల టీకో తప్ప పిల్లలెవరూ దాన్ని అడగరు. తయారీ వైపు నుంచి చూస్తే మాత్రం సంగతి వేరు. క్రీము బిస్కెట్లో లోపం ఉంటే పైనున్న క్రీము కప్పేస్తుంది. మేరీకి ఆ వీలు లేదు. పల్చగా, గుండ్రంగా, నున్నగా, ఎక్కడా బీటలేకుండా రావాలి. ఎంత సాదాగా కనిపిస్తుందో, దాన్ని అలా తేవడం అంత కష్టం.

దీని వయసు నూటయాభై ఏళ్లు దాటింది. 1874లో విక్టోరియా రాణి రెండో కొడుకు ఆల్ఫ్రెడ్‌కూ, రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ కూతురు మరియా అలెగ్జాండ్రోవ్నాకూ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పెళ్లయింది. ఆ సందర్భంగా లండన్‌లోని పీక్ ఫ్రీన్ కంపెనీ పెళ్లికూతురి పేరుతో ఈ బిస్కెట్ తెచ్చింది. బెర్మండ్సీలో ఆ కంపెనీ ఫ్యాక్టరీ 1989లో మూతపడింది. బిస్కెట్ మాత్రం స్పెయిన్, పోర్చుగల్, దక్షిణాఫ్రికా, మన దేశం వంటి చోట్ల వేరువేరు కంపెనీల చేతుల్లో నేటికీ తయారవుతోంది.

పిండి కలపడంలోనే మొదటి చిక్కు ఉంది. మైదాలోని ప్రొటీన్లు నీళ్లు తగిలి, బాగా మర్దన పడితే గ్లూటెన్ అనే సాగే వలగా అల్లుకుంటాయి. హైదరాబాద్ ఉస్మానియా బిస్కెట్లాంటి వాటిలో వెన్న, వనస్పతి ఎక్కువ. ఆ కొవ్వు మైదా రేణువులకు పూతలా పట్టి వల అల్లుకోనివ్వదు. అందుకే అవి నోట్లో పొడిపొడిగా కరుగుతాయి. మేరీలో కొవ్వు, చక్కెర తక్కువ. పిండిని ఎక్కువసేపు పిసుకుతారు కాబట్టి వల గట్టిగా ఏర్పడుతుంది. కొరికితే టక్కున విరగడానికి ఈ వలే కారణం.

అదే వల తయారీదారును ఇబ్బందీ పెడుతుంది. రోలర్ల కింద సాగదీసిన పిండి మళ్లీ వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది. గుండ్రంగా కోస్తే, సాగిన దిక్కున కుంచించుకుపోయి కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. కాబట్టి కోతకు ముందు పిండి పలకను కాస్త వదులుగా నడిపిస్తారు. అచ్చునే కొద్దిగా కోలగా చేయించడమూ ఉంది. ముడుచుకున్నాక బిస్కెట్ గుండ్రంగా వస్తుంది. కొన్ని ప్యాకెట్ల మీద కనిపించే 223 అనే అంకె సోడియం మెటాబైసల్ఫైట్‌ది. గ్లూటెన్‌లో గంధకం పరమాణువుల మధ్య ఉండే బంధాలను కొన్నిటిని తెంపి, పిండి బిగువు తగ్గించడం దాని పని.

ఇక ఆ చిల్లులు. పూరీ ఎందుకు పొంగుతుంది? లోపల పుట్టిన ఆవిరికి బయటికి దారి దొరక్క. మేరీ పిండిపలకకూ అదే గతి పట్టాలి. అలా కాకుండా ముందే సూదులతో పొడిచి ఆవిరికి దారి చేస్తారు. పైపొర, కిందిపొర అక్కడక్కడ అతుక్కుని బిస్కెట్ బల్లపరుపుగా నిలుస్తుంది.

ప్యాకెట్ మీదే ఉండే 503 అమ్మోనియం బైకార్బనేట్. వేడి తగలగానే అది అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరిగా విడిపోతుంది, వెనుక ఏమీ మిగలదు. కేకులాంటి తడి పదార్థంలో వేస్తే అమ్మోనియా అందులోనే చిక్కి ఘాటు వాసన కొడుతుంది. మేరీ పల్చన, పైగా పూర్తిగా ఎండేదాకా కాలుతుంది కాబట్టి వాయువంతా బయటికి పోతుంది. పైన కనిపించే లేత గోధుమరంగు చక్కెరలూ అమైనో ఆమ్లాలూ వేడిలో కలిసి చేసే పని. ఈ చర్యను 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీ మైయార్ పేరే దానికి స్థిరపడింది.

ఓవెన్ దాటినా గండం గడవదు. బిస్కెట్ అంచు ఎక్కువ ఎండుతుంది, నడిమి భాగంలో కాస్త తేమ మిగులుతుంది. చల్లారేటప్పుడు ఆ తేమ నడిమి నుంచి అంచుకు చేరుతుంది. అంచు ఉబ్బుతుంది, నడుము కుంచించుకుంటుంది. ఈ లాగులాటలో, ఎవరూ ముట్టుకోకుండానే, కొన్ని గంటల తర్వాత బిస్కెట్ దానంతటదే బీటలిస్తుంది. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లో మేరీ జాతికే చెందిన రిచ్ టీ బిస్కెట్ల మీద లేజర్ కాంతి పడేలా చేసి ఈ సూక్ష్మమైన కదలికను కొలిచారు. ప్యాకెట్లో విరిగిన ముక్క కనిపిస్తే ప్రతిసారీ లారీనో కొట్టువాణ్నో తిట్టుకోనక్కర్లేదన్నమాట.

వానాకాలంలో డబ్బా మూత తీసి ఉంచితే బ్రెడ్డు గట్టిపడుతుంది, బిస్కెట్ మెత్తబడుతుంది. తేమ దాదాపు లేని బిస్కెట్లో పిండిపదార్థం, చక్కెర గాజులాంటి బిరుసు స్థితిలో ఉంటాయి. గాలిలోని తేమ చేరితే ఆ బిరుసు పోయి రబ్బరులా అవుతాయి. మెత్తబడ్డ బిస్కెట్లను సన్నని సెగ మీద కాసేపు వేడిచేసి చల్లారనిస్తే కరకరలాడతాయి.

టీలో ముంచడానికీ ఒక లెక్క ఉంది. బ్రిస్టల్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్త లెన్ ఫిషర్ దీన్ని పరిశీలించి 1999లో ఇగ్ నోబెల్ బహుమతి అందుకున్నారు. సన్నని రంధ్రాల గుండా ద్రవం ఎంత వేగంగా పాకుతుందో చెప్పే వాష్‌బర్న్ సూత్రం 1921 నాటిది. దాని ప్రకారం రెట్టింపు దూరం తడవడానికి నాలుగు రెట్ల సమయం పడుతుంది. నిలువుగా ముంచితే టీ రెండు వైపుల నుంచీ ఎక్కుతుంది. పడుకోబెట్టినట్టు వాల్చి ఒక వైపే తడిపితే పూర్తిగా నానడానికి నాలుగింతల వ్యవధి దొరుకుతుంది, పొడిగా ఉన్న పైభాగం బిస్కెట్‌ను మోస్తుంది. పల్చని మేరీకి ఈ కిటుకు మరీ అవసరం.

మేరీని మెచ్చుకుంటూనే ఒక అపోహను వదిలించుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లు ఇది ఎన్నయినా తినవచ్చని చాలా ఇళ్లలో నమ్మకం. దీని ముఖ్య దినుసు మైదా, చక్కెరా వంద గ్రాములకు సుమారు ఇరవై గ్రాములు ఉంటుంది. క్రీము బిస్కెట్ల కన్నా కొవ్వు తక్కువ, అంతే. ఈసారి ప్యాకెట్ కొన్నప్పుడు వెనుకవైపు అంకెలు చదవండి. టీతో రెండు తిని, మిగతావి గాలి చొరని డబ్బాలో పెట్టండి.