4,29,49,67,297 ఎందుకు ప్రధాన సంఖ్య కాదు?

ఒకటితోనూ, తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ శేషం లేకుండా భాగింపబడని, 1 కంటే పెద్దదైన సంఖ్యను ప్రధాన సంఖ్య అంటారు. 2 యొక్క 1, 2, 4, 8, 16వ ఘాతాలకు 1 కలిపితే వచ్చే 3, 5, 17, 257, 65,537 ప్రధాన సంఖ్యలే కావడం గమనించిన ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా, ఘాతాన్ని రెట్టింపు చేస్తూ ఎంత దూరం వెళ్లినా ప్రధాన సంఖ్యలే వస్తాయని 17వ శతాబ్దంలో నమ్మాడు. అంతటి మేధావి ఆ తరువాతి మెట్టు దగ్గరే పొరబడటం ఆశ్చర్యమే. 2 యొక్క 32వ ఘాతానికి 1 కలపగా వచ్చే 4,29,49,67,297 అనేది 641ని 67,00,417తో గుణిస్తే వచ్చే లబ్ధమేనని 1732లో గణితవేత్త ఆయిలర్ తేల్చాడు.

కారకం కోసం వర్గమూలం వరకు, అంటే దాదాపు 65,536 వరకు వెతికితే చాలు; ఆ లోపు ప్రధాన సంఖ్యలు ఆరు వేలకు పైగా ఉన్నా, ఈ సంఖ్యను భాగించగల ప్రధాన సంఖ్య ఏదైనా 64తో భాగించినప్పుడు 1 శేషమివ్వాలి గనుక, 193, 257, 449, 577 తరువాత పరీక్షించవలసిన ఐదవది 641 అవుతుంది.

అది ఎందుకు భాగిస్తుందో పెద్ద భాగహారం లేకుండానే చూడవచ్చు. 5ను 2 యొక్క 7వ ఘాతమైన 128తో గుణిస్తే వచ్చే 640, 641కి ఒకటి తక్కువ కాబట్టి 641తో భాగించినప్పుడు దాని శేషాన్ని −1గా తీసుకుంటే, దాని నాలుగవ ఘాతానికి, అంటే 625ను 2 యొక్క 28వ ఘాతంతో గుణించిన లబ్ధానికి, శేషం 1 అవుతుంది. 625 అంటే 641 నుంచి 16 తీసివేయగా మిగిలినది. కనుక దాని స్థానంలో −16 ఉంచవచ్చు, 16 స్వయంగా 2 యొక్క 4వ ఘాతం కావడంతో ఆ లబ్ధం 2 యొక్క 32వ ఘాతానికి రుణరూపమవుతుంది. కాబట్టి 32వ ఘాతపు శేషం −1, దానికి 1 కలిపితే సున్న.

ఫెర్మా చూసిన ఆ ఐదింటి తరువాత ఈ వరుసలో మరో ప్రధాన సంఖ్య ఇంతవరకు దొరకలేదు.