తూటాయు, దాని బాధ్యతయు

మనదేశ చరిత్రలో తూటా యను మాటకొక ప్రత్యేక స్థానము గలదు. 1857వ సంవత్సరమున సిపాయీలు పంటితో కొరికి తెరువవలసిన ఎన్‌ఫీల్డు తుపాకి తూటాలకు పూసిన క్రొవ్వును గూర్చి పుట్టిన సంశయము, ఎంతోకాలముగ లోలోన రగులుచున్న అసంతృప్తికి నిప్పురవ్వయైనది. 1878లో ఆంగ్లప్రభుత్వము ఆయుధ శాసనమును గావించి, భారతీయునకొక న్యాయమును ఐరోపీయునకొక న్యాయమును అమలు జరిపినది. ఆ అవమానమును మరువని కాంగ్రెసు మహాసభ 1931లో కరాచీయందు ప్రాథమిక హక్కుల తీర్మానము చేయునపుడు, నిబంధనలకు లోబడి ఆయుధములు ధరించు హక్కును గూడ అందు చేర్చినది. స్వతంత్ర భారత రాజ్యాంగము దానిని ప్రాథమిక హక్కులలో చేర్చలేదు. 1959వ సంవత్సరపు ఆయుధ శాసనము ప్రకారము అది ప్రభుత్వపు అనుజ్ఞపై ఆధారపడిన సౌకర్యము మాత్రమే. ఇది ఉచితమా, అనుచితమా యను చర్చ యెంతకాలమైనను సాగవచ్చును. మేము నేడు చెప్పదలచినది హక్కును గూర్చి కాదు, విధిని గూర్చి. ఆయుధమును పట్టు హక్కు నడుగువాడు, దానిని శుచిగను నిరపాయముగను ఉంచు విధిని ముందుగా నేర్చియుండవలెను.

ఈ ప్రస్తావన కిప్పుడు తగిన కారణము గలదు. గురిపందెములు రాజకుమారుల వేటవినోదములుగ నుండిన కాలము గడచిపోయినది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండను ఒలింపిక్సున కాంస్యపతకము గెలిచెను. ఆ నగరపు బాలికయే యగు ఈషా సింగు పిస్తోలు చేతబట్టి 2024లో ప్యారిస్ ఒలింపిక్సువరకు వెళ్లెను. వీరిని జూచి మధ్యతరగతి గృహముల బాలబాలికలు గురిశాలల గడప త్రొక్కుచున్నారు. సంతోషమే. కాని పతకములను గూర్చి వ్రాయువారు పెక్కుమంది. పందెము ముగిసిన పిమ్మట పిస్తోలును విప్పి తుడుచు వేళను గూర్చి వ్రాయువా రరుదు. ప్రమాదము తరచుగా పొంచియుండునది ఆ వేళయందే.

తూటా యనగా నేమి?

పిస్తోలు తూటాయందు నాలుగు భాగములుండును: ఇత్తడి కోశము, దాని అడుగున నమర్చిన ప్రైమరు, కోశములోని పొగలేని మందు, పైన బిగించిన గుండు. పిస్తోలులోని సూది ప్రైమరును కొట్టగానే అది ప్రేలి మందు నంటించును. మందు క్షణములో వాయువుగ మారి గుండును నెట్టును. పేలిన పిమ్మట మిగులునది ఇత్తడి కోశము. తూటా వెలలో నధికభాగము దీనిదే. ఆ కోశమును శుభ్రపరచి, పరిమాణము సరిచేసి, క్రొత్త ప్రైమరును, క్రొత్త మందును, క్రొత్త గుండును అమర్చి మరల తూటాగ జేయుటయే రీలోడింగు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో తన వాడుకకై తూటాలు నింపుకొనువానికి కేంద్రశాసనము ప్రకారము లైసెన్సు అక్కరలేదు. అమ్ముటకు చేయువానికే అది కావలెను. కావున అచ్చట నిది పెద్ద గృహవినోదమై, అందు కొందరికి పొదుపును, కొందరికి గురియొక్క సూక్ష్మతయు లక్ష్యముగ నున్నవి. 2020లో అంగళ్లలో తూటాలు దొరకని కఱవు వచ్చినపు డీ పనియందు అక్కడివారికి ఆసక్తి మరింత హెచ్చినది.

ఈ వినోదమును మేము నిందింపము. శ్రద్ధగలవాని చేతిలో నిది కంసాలి పనివలె సున్నితమైన కళ. కాని కంసాలి త్రాసు తప్పినచో బంగారము పోవును. ఈ త్రాసు తప్పినచో కన్ను పోవును. పిస్తోలు తూటాలో పోయు మందు సాధారణముగ మూడునాలుగు గ్రెయినులు, అనగా రెండు గురువింద గింజల యెత్తు. ఆ కొంచెపు మందు 9 మిల్లీమీటర్ల తూటాయందు చదరపు అంగుళమునకు 35,000 పౌనుల వరకు ఒత్తిడిని పుట్టించుటకు అమెరికా పరిశ్రమవారు పరిమితి విధించియున్నారు. .38 స్పెషల్ అను తూటాకు ఆ పరిమితి 17,000 పౌనులు మాత్రమే. ఒకదాని కొలత మరియొకదానికి పనికిరాదని చెప్పుట కింతకంటె నిదర్శనము వలదు.

రెండు ఘోరమైన పొరపాట్లు

మొదటిది ఒకే కోశమున మందు రెండుమార్లు పడుట. .38 స్పెషల్ కోశము 1898లో, నల్లమందు కాలమున, ఎక్కువ మందు పట్టునట్లు రూపొందినది. నేటి పొగలేని మందు దానిలో అడుగున గొంతమాత్రమే నిలుచును. రెండవమారు పోసినను పొరలిపోదు. పైనుండి చూచువానికి తెలియదు. ఆ తూటా పేలిననాడు పిస్తోలు చీలును, పట్టినవాని వ్రేళ్లు పోవును, ప్రక్కవాడును గాయపడవచ్చును. అందుచేత అనుభవజ్ఞులు, రెండుమార్లు పడినచో కోశము నిండి పొరలునట్టి బొద్దుమందును ఎన్నుకొందురు. నింపిన కోశములన్నిటిని ఒక చట్రమున నిలిపి, మంచి దీపకాంతిలో ఒక్కొక్కదాని లోపల మందుమట్టము సమానముగ నున్నదో లేదో చూచి, ఆ పిదపనే గుండ్లు బిగింతురు.

రెండవది మందు అసలే పడకపోవుట. ఇది హాస్యాస్పదమైన పొరపాటుగ దోచును గాని మొదటిదానివలెనే ప్రాణాంతకము. మందు లేకున్నను ప్రైమరు బలమొక్కటే గుండును గొట్టములోనికి నెట్టి నడుమ నిలుపగలదు. కాల్చువాడు శబ్దము తగ్గినదని, కుదుపు లేదని గమనింపక మరల మీట నొక్కినచో, రెండవ గుండు మొదటిదానిని తాకి గొట్టము ఉబ్బును, లేక పగులును. కావున ధ్వని మారిన యెడల, ఆ క్షణముననే చేయి ఆపవలెను. అసలే పేలనిచో, మూతిని గురివైపే యుంచి అరనిమిషము వేచియుండవలెను. ఆలస్యముగ నంటుకొను తూటాలును గలవు. ఆపైన పిస్తోలును ఖాళీచేసి, విప్పి, గొట్టములో వెలుగు కనబడుచున్నదా యని చూచిన తర్వాతనే ముందుకు సాగవలెను. పందెమున ఒక గుండు పోయినదను చింతచే ఈ నియమమును మీరినవాడు మూర్ఖుడు.

బల్లకడ పాటింపవలసిన నియమములు

మందును తయారుచేసినవారు ప్రకటించిన పట్టికయందలి కొలతనే గ్రహింపవలెను. మిత్రుడు చెప్పినాడని, చెవినిబడినదని ఏ కొలతను నమ్మరాదు. పట్టికలోని గరిష్ఠమునకు పదియవవంతు తగ్గించి మొదలిడి, పిస్తోలుయొక్కయు కోశములయొక్కయు తీరు గమనించుచు మెల్లగ పైకి పోవలెను. బల్లపై ఒక్క మందుడబ్బా మాత్రమే యుండవలెను. పేరు చెరిగిన డబ్బాలోని మందు, రెండు మందులు కలిసిపోయినవను సందేహము గల మందు, ఎంత విలువైనదైనను పారవేయవలసినదే. రంగును జూచి మందును గుర్తింపగలనని తలచుట ఆత్మవంచన.

గుండు కోశములో ఎంతలోతు దిగవలెనో అంతయే దిగవలెను. అది వదులై లోనికి జారినచో, మందుకున్న చోటు తగ్గి ఒత్తిడి విపరీతముగ పెరుగును. ఒకే తూటాను పిస్తోలునుండి పలుమార్లు తీసి మరల పెట్టువారు ఈ సంగతి మరువరాదు. నెఱ్ఱెలు విచ్చిన కోశమును నిర్దాక్షిణ్యముగ త్రోసివేయవలెను.

పొగలేని మందు బయటనున్నపుడు మండును. గట్టిగ బిగించి మూసినచో పగులగొట్టుకొని వచ్చును. కావున దానిని కొన్న డబ్బాలోనే, చల్లని పొడిచోట నుంచవలెను గాని, గాలిచొరని ఇనుపపెట్టెలో బంధింపరాదు. ప్రైమరుల సంగతి వేరు. అవి దెబ్బతగిలిన ప్రేలు పదార్థములు. సీసాలో గుమ్మరించినచో ఒకటి ప్రేలగా మిగిలినవన్నియు దానివెంట ప్రేలును. మన యిండ్లలో దీపావళికి మతాబులు, చిచ్చుబుడ్లు కూరుకొను అలవాటు పూర్వమునుండి గలదు. ఆ నేర్పరితనమే యిక్కడను చాలునని యెవరును భ్రమపడరాదు. ఆ మందు వేరు, ఈ మందు వేరు.

ఇక కనబడని శత్రువు సీసము. గుండ్లలో సీసమున్నది, అధికభాగము ప్రైమరులలోను సీసపు సమ్మేళనమున్నది. వాడిన కోశములను తోముయంత్రమునుండి తీయునపుడు లేచు ధూళిలోను అదియే. ఇది నిదానముగ రక్తమున చేరును. ఏ కొలదియైనను హాని లేనిదని చెప్పదగిన సీసపు మోతాదు తెలియరాలేదని ప్రపంచారోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. పసిబిడ్డల మెదడుకు గలుగు నష్టము తీరనిది. ఆ బల్లకడ తినుట, త్రాగుట, పొగ త్రాగుట కూడదు. పని ముగియగానే సబ్బుతో చన్నీట చేతులు కడుగుకొని, వస్త్రములు మార్చుకొని, ఆపిమ్మటనే బిడ్డ నెత్తుకొనవలెను. తండ్రి వినోదమునకు బిడ్డ మూల్యము చెల్లింపరాదు.

మనదేశమున నీ సంగతి

భారతదేశమున అనుజ్ఞ లేక తూటాలు తయారుచేయుట 1959 శాసనము ప్రకారము నేరము. అమెరికాయందలి గృహవినోదమును ఇచ్చట అనుకరింపబోవువాడు ప్రమాదముతోపాటు కారాగారమునుగూడ కొనితెచ్చుకొనుచున్నాడు. అదిగాక మన క్రీడాకారులు స్త్రీల 25 మీటర్ల పందెమున వాడు .22 తూటాలలో ప్రైమరు విడిగ నుండదు. ప్రేలుపదార్థము కోశపు అంచులోనే యుండును. వానిని మరల నింపు మార్గమే లేదు. కాని మందు తెలిసినవానికే తూటాయందు భయభక్తులు కలుగును. సముద్రముల కావల స్థిరపడి ఈ వినోదమున దిగిన తెలుగువారికి పైనియమములు ప్రత్యక్షముగ నుపయోగపడును. ఇక్కడివారికి పేలని తూటాను విప్పి చూడరాదను బుద్ధి కలిగినను చాలును.

పిస్తోలు శుద్ధి

మనకు మహానవమినాడు ఆయుధపూజ గలదు. కుంకుమబొట్టు పెట్టి ఏడాదియంతయు మూలనుంచుట పూజ కాదు. శుద్ధికి కూర్చుండుటకు ముందు మ్యాగజైను తీసి, గది తెరచి కంటితో చూచి, వ్రేలితో తడవి, మరల చూడవలెను. తూటాలన్నియు వేరొక గదిలో నుండవలెను. ఖాళీ పిస్తోలే కదా యని యెవ్వరివైపును మూతి త్రిప్పరాదు. ఖాళీ యనుకొన్న పిస్తోళ్లే ఇండ్లలో దుఃఖము నింపినవి.

గొట్టమును వీలైనంతవరకు వెనుకవైపునుండియే కుంచెతో తుడువవలెను. మూతి అంచు గీతపడినచో గురి తప్పును. మసిని కరిగించు ద్రవము పూసి, గుడ్డముక్కలు తెల్లగ వచ్చువరకు తుడిచి, పలుచని నూనెపొర నిలుపవలెను. నూనె యెక్కువైన కొలది మేలనుకొనుట పొరపాటు. అది ధూళిని పట్టి జిగురగును. సూదియొక్క చలనమును మందగింపజేయును. తూటాపై కారినచో ప్రైమరును చెరుపును. పాతకాలపు సైనిక తూటాలలో పొటాసియము క్లోరేటు గల ప్రైమరులుండెడివి. అవి పేలినపిదప గొట్టమున మిగులునది ఉప్పువంటి లవణము. నూనె దానిని కరగింపదు. వేడినీళ్లతో కడిగి ఆరబెట్టి, ఆపైన నూనె పూయవలెను. విశాఖపట్టణమున, కాకినాడలో, మచిలీపట్టణమున కాపురముండువారికి ఉప్పుగాలి యెట్టిదో మేము చెప్పనక్కరలేదు. తోలుసంచి తేమను పీల్చి ఉక్కును తుప్పుపట్టించును. దానిలో పిస్తోలును నెలలతరబడి నిద్రపుచ్చరాదు.

పిల్లలు సాధారణముగ మొదలిడునది గాలిపిస్తోలు. అందు మందులేదు గాని అపాయము లేకపోలేదు. దాని గాలిగొట్టమున సాధారణముగ 200 బారుల ఒత్తిడి యుండును. ఆ గొట్టమునకు తయారీదారులు గడువు ముద్రింతురు. గడువు దాటినదానిని వాడరాదు. 2021లో టోక్యో ఒలింపిక్సున మను భాకర్ గాలిపిస్తోలు పందెము నడుమ చెడిపోయి, విలువైన నిమిషములు పోయి, అంతిమ పోటీకి రెండు పాయింట్ల దూరమున ఆమె నిలిచిపోయినది. పరికరము ఎంత మేలైనదైనను ఎప్పుడు ఎదురుతిరుగునో తెలియదనుటకు ఇది ప్రసిద్ధమైన ఉదాహరణము. ఆమె 2024లో ప్యారిస్‌లో రెండు కాంస్యపతకములతో దేశమును సంతోషపెట్టినది. క్రీడాకారుని ధైర్యము అట్టిది. కాని ఆ ధైర్యము తరుగుపడిన స్ప్రింగును బాగుచేయజాలదు. స్ప్రింగులు, రబ్బరు బిళ్లలు కాలముతో అలసిపోవును. గడువున మార్చుటయే వివేకము. మీటను తేలికచేయ వలెనని ఇంట ఆకురాయి పట్టుట మాత్రము మానవలెను. అది శిక్షితుడైన తుపాకిపనివాని పని.

2019 సవరణ శాసనము పెండ్లిండ్లలోను ఊరేగింపులలోను వేడుకకై తుపాకులు కాల్చి ఇతరుల ప్రాణములకు అపాయము తెచ్చువారికి రెండేండ్ల శిక్షనో, లక్షరూపాయల జరిమానానో, రెండునో విధింపవచ్చునన్నది. ఇది మేలైన శాసనమే. కాని తలుపు మూసిన గదిలో, ఒంటరిగ, అలసటతో, ఒక మాటలో మనసుపెట్టి ఇంకొక చేతితో మందు పోయువానిని ఏ రక్షకభటుడును చూడలేడు. అచ్చట శాసనము అతని మనస్సాక్షియే. అది మేలుకొని యున్నంతవరకు ఆయుధము క్రీడాసాధనము. అది కునుకు తీసిన క్షణమున ఆ ఇంటికే శత్రువు. మన యువకులు గురిని నేర్తురు గాక. గురికంటె ముందు ఈ మెలకువను నేర్తురు గాక.