రాయలసీమ నగరవనాలు: శాఖల సమన్వయం
కర్నూలు, కడప ప్రాంతాల్లో వార్షిక వర్షపాతం సుమారు 650–700 మిల్లీమీటర్లు. అందులో అధికభాగం జూన్–నవంబరు మధ్యనే కురుస్తుంది. కావున గార్గేయపురం నగరవనంలోనైనా, వీధి పక్కనైనా మొక్క మనుగడను నిర్ణయించేవి తొలి మూడు వేసవులే.

కర్నూలు నల్లరేగడి వేసవిలో నెర్రెలిచ్చి లేత వేళ్లను తెంచుతుంది. కడప పరిసరాల్లో తక్కువ లోతులోనే తగిలే పలకరాయి వేళ్లను అడ్డగిస్తుంది. అందువల్ల గుంతలు తీయకముందే మృత్తికా శాస్త్రవేత్త నేల లోతును పరీక్షించాలి. దానికి తగిన వేప, కానుగ, నారేపి మొక్కలను అటవీశాఖ నర్సరీలో బాగా ఎదగనిచ్చి అందించాలి. విద్యుత్ సిబ్బంది తీగల మార్గాన్ని, పురపాలక ఇంజనీరు వేసవి నీటి వనరును ముందే సూచించాలి.

నాటిన మొక్కల లెక్క కాదు, మూడో ఏట నిలిచిన మొక్కల లెక్కే ప్రమాణం. నీరు పోసే బాధ్యత ఎవరిదో నాటకముందే లిఖితపూర్వకంగా తేల్చడం విస్తరణ శాస్త్రవేత్త తొలి కర్తవ్యం.